గుంటూరు సూర్యగ్రహణమును విశ్వోత్పత్తి విచారమును

విశ్వము దేనితో నిర్మింపబడినది, ఎప్పుడు పుట్టినది, ఎట్లు పుట్టినది యను ప్రశ్నలు మిక్కిలి ప్రాచీనములు. ఋగ్వేదము పదియవ మండలమునందలి నాసదీయసూక్తము సృష్టికి పూర్వమున్న స్థితిని గూర్చి ప్రశ్నించి సంశయముతోనే ముగియుచున్నది. చిరకాలము ఈ విచారము వేదాంతులకును, కవులకును, సిద్ధాంతకర్తలకును మాత్రమే చెందినదిగా నుండెను. అది పరిశీలనకును ప్రయోగమునకును లోబడు విషయమగుటకు తోడ్పడిన సంఘటనలలో నొకటి ఆంధ్రదేశమున, గుంటూరు మచిలీపట్టణములయందు, 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన జరిగినది. ఆ దినపు సంపూర్ణ సూర్యగ్రహణమునందే హీలియమను మూలపదార్థము గుంటూరులో కనుగొనబడినదని పెక్కుచోట్ల వ్రాయబడుచున్నది. ఆ వాక్యమునందు సత్యమెంతయో నిర్ణయించుటయు, ఆ పదార్థమునకును విశ్వోత్పత్తికిని గల సంబంధమును నిరూపించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనములు.

పూర్వుల యభిప్రాయములు

గ్రీకు తత్త్వజ్ఞుడగు అరిస్టాటిలు చంద్రమండలమునకు క్రింద నున్న లోకము పృథివ్యాది చతుర్భూతములచే నేర్పడినదనియు, ఆకాశమునందలి జ్యోతిస్సులు నాశరహితమగు నైదవ ద్రవ్యముచే నేర్పడినవనియు తలంచెను. ఈ మతమున భూమి వేఱు, స్వర్గము వేఱు. వైశేషికుల మతము దీనికి భిన్నమైనది. తర్కసంగ్రహకర్తయు ఆంధ్రుడును అగు అన్నంభట్టు తేజోద్రవ్యమును వివరించుచు, ఆదిత్యలోకమునందలి శరీరములను, భూమిపైనున్న అగ్నిని, మెఱుపును, జఠరాగ్నిని, తుదకు బంగారమును సైతము ఒక్క తేజస్సునందే చేర్చెను. భూమిపైనున్న ద్రవ్యమే సూర్యలోకమునను గలదను నూహ యిందు కానవచ్చుచున్నది. కాని యీ రెండు మతములును తర్కముపై నాధారపడినవి. వానిని పరీక్షించు సాధనము ఎవ్వరికిని లేకుండెను.

కాలమును గూర్చియు నిట్లే. సూర్యసిద్ధాంతాదులయందు కల్పప్రమాణము 432 కోట్ల సంవత్సరములుగా చెప్పబడినది. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని నేటి నిర్ణయము. ఈ రెండు సంఖ్యల సామీప్యమును చూచి ప్రాచీనులకు భూమి వయస్సు తెలిసియుండెనని కొందఱు వాదింతురు. ఈ వాదము నిలువదు. కల్పసంఖ్య యుగముల గణితము నుండియు, గ్రహభగణములు పూర్ణసంఖ్యలు కావలెనను నియమము నుండియు వచ్చినది. నేటి సంఖ్య శిలలయందును ఉల్కలయందును యురేనియము సీసముగా మారిన ప్రమాణమును కొలిచి సాధింపబడినది. మార్గములు వేఱగునపుడు సంఖ్యలు కలిసినంత మాత్రమున జ్ఞానము కలిసినట్లు కాదు.

నక్షత్రముల ద్రవ్యమును గూర్చిన నిరాశ యూరపునందు 19వ శతాబ్దమున గూడ పోలేదు. ఫ్రెంచి తత్త్వజ్ఞుడగు ఆగస్టు కోంటు 1835లో, నక్షత్రముల రసాయనస్వరూపము మానవులకు ఎన్నటికిని తెలియరానిదని వ్రాసెను. అప్పటికే దానికి విరుగుడు సిద్ధమగుచుండెను. 1814లో జర్మనీదేశపు ఫ్రౌన్‌హోఫరు సూర్యకాంతిని పట్టకముద్వారా విస్తరింపజేసి, ఆ వర్ణపటమునందు ఐదువందలకు మించిన నల్లని రేఖలను గుర్తించి, ముఖ్యమైనవానికి అక్షరములతో పేర్లుంచెను. 1859లో హైడెల్‌బర్గునందు కిర్కాఫు, బున్‌సెను అను పండితులు ఆ రేఖల రహస్యమును బయలుపఱచిరి. ప్రతి మూలపదార్థమును వాయురూపమున జ్వలించునపుడు తనకే చెందిన కొన్ని రేఖలను మాత్రమే వెలువరించును; తనవెనుక ప్రకాశవంతమగు వస్తువున్నపుడు ఆ స్థానములయందే కాంతిని మ్రింగి నల్లని రేఖలను కల్పించును. ఫ్రౌన్‌హోఫరు డి యని పేరిడిన పసుపుపచ్చని భాగపు జంటరేఖ సోడియముదని తేలినది. కోంటు 1857లోనే మరణించుటచే తన వాక్యము వమ్మగుట చూడడయ్యెను.

1868 సంవత్సరపు గ్రహణము

సంపూర్ణ గ్రహణసమయమున చంద్రబింబపు అంచువెంబడి ఎఱ్ఱని జ్వాలలు కానవచ్చును. 1842 నాటి గ్రహణమున నివి పండితుల దృష్టిని విశేషముగా నాకర్షించెను. 1860లో స్పెయినుదేశమున తీయబడిన ఛాయాచిత్రములచే నవి సూర్యునికి చెందినవే కాని చంద్రునికి చెందినవి కావని రూఢియయ్యెను. అవి యే ద్రవ్యముతో నేర్పడినవను ప్రశ్న మాత్రము మిగిలియుండెను. వర్ణపటదర్శని చేతికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్నకు తగిన యవకాశము 1868లో లభించినది. ఆ సంవత్సరపు గ్రహణచ్ఛాయ ఏడెనునగరము మీదుగా నరేబియాసముద్రమును దాటి, దక్షిణాపథమును అడ్డముగా కోసికొని, మచిలీపట్టణము వద్ద తూర్పుసముద్రమున దిగి, సయాముదేశమువైపునకు సాగెను. గుంటూరునందు సంపూర్ణగ్రహణము ఐదు నిమిషములకు మించి యుండెను. అంత దీర్ఘమగు గ్రహణము అరుదు.

ఆనాడు గుంటూరు ప్రత్యేక జిల్లాగా లేదు. 1859లో అది మచిలీపట్టణము ముఖ్యస్థానముగాగల కృష్ణాజిల్లాలో చేర్పబడి 1904 వఱకును అట్లే యుండెను. ఈ పట్టణమునకు రెండు బృందములు వచ్చి విడిసెను. ఒకటి ఇంగ్లండునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పక్షమున మేజరు టెన్నెంటు నాయకత్వమున వచ్చినది. రెండవది ఫ్రాన్సుదేశమునుండి వచ్చిన పియరు జాన్సెనుది. మచిలీపట్టణమున చెన్నపురి నక్షత్రశాలాధికారియగు నార్మను పోగ్సను విడిసెను. నక్షత్రముల ప్రకాశమును తరగతులుగా విభజించుటకు నేటికిని వాడబడుచున్న గణితక్రమమును 1856లో నేర్పఱచినవాడు ఇతడే. అదే నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులవారు నిజాము రాజ్యమునందలి వనపర్తికి పంపబడిరి; కాని మేఘములు వారి యాశను భంగపఱచెను. అంతకు ముందటి సంవత్సరమే తేజస్సు మాఱుచుండు నక్షత్రమునొకదానిని కనుగొన్న యీ విద్వాంసుడు పిమ్మట 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యుడయ్యెను. జమఖండి సంస్థానమున లెఫ్టినెంటు జాన్ హెర్షెలు పరిశీలించెను. సయాముదేశపు రాజు మోంగ్‌కుట్ స్వయముగా గణితము చేసి గ్రహణస్థానమును నిర్ణయించి అచ్చటికి పోయి చూచెను. కాని అరణ్యప్రాంతమున సోకిన జ్వరముచే అక్టోబరు 1వ తేదీన మరణించెను.

గ్రహణసమయమున వీరిలో పలువురు చూచిన ముఖ్యవిషయము ఒక్కటియే. ఎఱ్ఱని జ్వాలల వర్ణపటము అవిచ్ఛిన్నముగా నుండక వేఱువేఱు ప్రకాశరేఖలుగా నుండెను. కాన నవి జ్వలించు వాయువులని తేలినది. ఆ రేఖలలో ఎఱుపు, నీలము హైడ్రోజనువని సులభముగా గుర్తింపబడెను. పసుపుపచ్చని రేఖ యొకటి వేఱుగా నుండెను.

జాన్సెను సాధించినదేమి

ఆ రేఖల ప్రకాశమును చూచి జాన్సెనుకు ఒక యాలోచన కలిగెను. గ్రహణము లేనపుడు జ్వాలలు కనబడకుండుటకు కారణము ఆకాశమునందు వ్యాపించు సూర్యకాంతి. ఈ కాంతి యన్నివర్ణములు గలది; పట్టకముచే విస్తరింపజేసినకొలదియు పలుచనగును. జ్వాలల కాంతియో కొన్ని రేఖలయందే నిలిచియుండును. ఎంత విస్తరింపజేసినను రేఖ రేఖగానే యుండును. కాబట్టి తగిన వర్ణపటదర్శనితో సూర్యుని అంచును పరీక్షించినచో గ్రహణముతో పనిలేకయే జ్వాలలు కనబడవలెను. ఆ దినము మధ్యాహ్నము మేఘములు క్రమ్మెను. మఱునాడు, ఆగష్టు 19వ తేదీ యుదయమున, అతడు ఆ ప్రయోగమును చేసి కృతకృత్యుడయ్యెను. తనకు పదునేడు దినములపాటు గ్రహణము లభించినట్లయ్యెనని యతడు సంతోషించెను. గ్రహణమునకై లోకమంతయు తిరుగుచు నిమిషములు లెక్కించుకొను శాస్త్రజ్ఞులకు ప్రతిదినమును గ్రహణదినమైనది.

ఈ వార్తను జాన్సెను సెప్టెంబరు 19వ తేదీన కాకినాడనుండి పారిసు నగరపు విజ్ఞానపరిషత్తునకు వ్రాసెను. ఉత్తరము సముద్రముమీద పోవుచుండగా, ఇంగ్లండునందు నార్మను లాకియరు, గ్రహణమును చూడకయే, తన క్రొత్త వర్ణపటదర్శనితో అక్టోబరు 20వ తేదీన ఆ జ్వాలారేఖలనే చూచెను. రెండు వార్తలును అక్టోబరు 26వ తేదీ సభలోనే పారిసున చదువబడెను. పరిషత్తు ఇద్దఱికిని సమానగౌరవ మొసగెను. 1872లో ఇద్దఱి ముఖములతో నొక పతకము ఫ్రెంచి ప్రభుత్వముచే ముద్రింపబడెను. ఈ గౌరవము గ్రహణము లేకయే జ్వాలలను చూచు పద్ధతికి సంబంధించినది. క్రొత్త మూలపదార్థమునకు సంబంధించినది కాదు. జాన్సెను కాకినాడ లేఖయందు క్రొత్త పదార్థమను మాటయే లేదు. తరువాతి గ్రంథకర్తలు పతకమును, పదార్థమును, గుంటూరును ఒక్కచోట కలిపివేయుటచే పైని చెప్పిన వాక్యము పుట్టినది.

పసుపుపచ్చని రేఖ

గ్రహణమున పసుపుపచ్చని రేఖను చూచినవారు పలువురు. టెన్నెంటును హెర్షెలును అది సోడియముయొక్క డి రేఖయేయని తలంచిరి. అట్లు తలంచుట సహజము; ఆ ప్రాంతమున తెలిసిన ప్రసిద్ధరేఖ అదియొక్కటియే. మచిలీపట్టణమున పోగ్సను మాత్రము ఆ రేఖ డి స్థానముతో సరిగా కలిసినదని రూఢిగా చెప్పక దాని సమీపముననున్నదని వ్రాసెను. కాని యతని నివేదిక చెన్నపురి ప్రభుత్వపు ముద్రణగా వెలువడి, యూరపునందలి శాస్త్రజ్ఞులలో తగిన ప్రచారమును పొందలేదు.

గ్రహణపు కొలది నిమిషములలో రేఖాస్థానమును సూక్ష్మముగా కొలుచుట దుష్కరము. తీరికగా కొలుచుటకు క్రొత్తపద్ధతి యవకాశము కల్పించినది. లాకియరు పలుదినములు పరిశీలించి, ఆ రేఖ సోడియపు జంటరేఖకు ప్రక్కగా, వేఱుస్థానముననున్నదని నిశ్చయించెను. దానికి డి-మూడు అని పేరు కలిగెను. సోడియపు రేఖల తరంగదైర్ఘ్యములు 5890, 5896 ఆంగ్‌స్ట్రాములు. ఈ క్రొత్తరేఖది 5876. రసాయనజ్ఞుడగు ఫ్రాంక్లాండుతో కలిసి లాకియరు ప్రయోగశాలలో హైడ్రోజనునుండి అట్టిరేఖను పుట్టింపజూచి విఫలుడయ్యెను. భూమిపై తెలియని పదార్థము సూర్యునియందున్నదను నిర్ణయమునకు లాకియరు వచ్చెను. గ్రీకుభాషలో సూర్యునికి హీలియోసు అని పేరు. దానినుండి హీలియమను పేరు పుట్టినది. 1871లో ఎడింబరో నగరమున బ్రిటిషు అసోసియేషను అధ్యక్షోపన్యాసమునందు విలియము థామ్సను ఆ పేరును పేర్కొనెను. ఐనను ఒక్కరేఖను నమ్మి మూలపదార్థము నంగీకరించుటకు పెక్కుమంది రసాయనజ్ఞులు సమ్మతింపరైరి.

ఈ సంశయము 1895లో తీఱినది. అమెరికాయందు హిల్లిబ్రాండు అను రసాయనజ్ఞుడు యురేనియపు ఖనిజములనుండి యొక జడవాయువును రాబట్టి దానిని నత్రజనిగా భావించియుండెను. లండనునందు విలియము రామ్సే ఆ వార్తను తెలిసికొని, క్లీవైటు అను ఖనిజమును ఆమ్లముతో కాచి, వెలువడిన వాయువును వర్ణపటదర్శనితో పరీక్షింపగా పసుపుపచ్చని రేఖ కానవచ్చెను. అది సూర్యునియందలి డి-మూడు రేఖయేయని విలియము క్రుక్సు కొలిచి చెప్పెను. గ్రహణమును చూచినవారు కొందఱు దానిని సోడియమనిరి. ఖనిజమును చూచినవాడు నత్రజని యనెను. చూచుట వేఱు, గుర్తించుట వేఱు అనుటకు హీలియము చరిత్రమే ప్రబలనిదర్శనము. క్లీవైటునందలి హీలియము సూర్యునినుండి వచ్చినది కాదు. యురేనియము, థోరియము క్షయించునపుడు వెలువడు ఆల్ఫాకణములు హీలియమేయని రూథర్‌ఫర్డు, రాయిడ్సు 1909లో ప్రకటించిన ప్రయోగముచే ఋజువయ్యెను. భూమిపైనున్న హీలియము దాదాపు సర్వమును శిలాగర్భమున నిట్లు పుట్టినదే.

నక్షత్రములయందలి హీలియము

సూర్యునియందు హీలియమున్నదని తెలిసెను. ఎంత యున్నదో తెలియలేదు. సూర్యబింబపు వర్ణపటమునందలి నల్లని రేఖలలో హీలియము రేఖలు సాధారణముగా కానరావు. బింబపు టంచునను జ్వాలలయందును మాత్రమే ప్రకాశించును. 1920లో మేఘనాద సాహా ఉష్ణోగ్రతకును, పీడనమునకును, పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవుటకును గల సంబంధమును సమీకరణరూపమున ప్రకటించెను. ఒక పదార్థముయొక్క రేఖలు బలముగా నుండుట దాని రాశిపై మాత్రమేకాక ఉష్ణోగ్రతపైనను ఆధారపడునని దానిచే స్పష్టమైనది. రేఖ లేకుండుట పదార్థము లేకుండుటకు నిదర్శనము కాదు.

ఆ సూత్రమునే ప్రయోగించి సిసీలియా పేను అను విదుషి 1925లో అమెరికాయందు నక్షత్రముల రసాయనస్వరూపమును గణించెను. హైడ్రోజను, హీలియము తక్కినవానికంటె అత్యధికములుగా వచ్చెను. భూమియు నక్షత్రములును ఒకే పాళ్ళలో నేర్పడినవని నమ్ముచున్న ఆ కాలమున ఈ ఫలితము నమ్మరానిదై యుండెను. ప్రసిద్ధుడగు రస్సెలు హెచ్చరింపగా ఆమె తన గ్రంథమునందే ఆ ఫలితము యథార్థము కాకపోవచ్చునని వ్రాసికొనవలసివచ్చెను. 1929లో రస్సెలు మఱియొక మార్గమున అదే ఫలితమునకు వచ్చి ఆమె నిర్ణయము నంగీకరించెను.

ఇంత హీలియము ఎక్కడనుండి వచ్చినది? నాలుగు హైడ్రోజను పరమాణువులకంటె ఒక హీలియము పరమాణువు కొంచెము తేలికయని ఆస్టను కొలిచియుండెను. ఆ లోపించిన ద్రవ్యరాశియే సూర్యతేజమగునని 1920లో ఎడింగ్టను సూచించెను. 1939లో బేతే ఆ కార్యక్రమమును వివరించెను. కాని లెక్కించి చూడగా, నక్షత్రములు తమ జీవితకాలమున తయారుచేసి వెదజల్లిన హీలియము, కానవచ్చు మొత్తమునందు స్వల్పభాగము మాత్రమే కాగలదు. 1964లో హాయిలు, టేలరు అను పండితులు ఈ వైషమ్యమును స్పష్టపఱచి, హీలియములో నధికభాగము నక్షత్రములకంటె పూర్వమే మిక్కిలి తీవ్రమగు నుష్ణోగ్రతయందు పుట్టియుండవలెననిరి. హాయిలు విశ్వమునకు ఆదిలేదని వాదించినవాడు. ఆదియందు మహావిస్ఫోటమను మతమును 1949లో రేడియో ప్రసంగమున నిరసనపూర్వకముగా పేర్కొని దానికి స్థిరమగు పేరు కల్పించినవాడు. అట్టివాని గణితమే ప్రతిపక్షమునకు బలమైనది.

మొదటి నిమిషములు

విశ్వము వ్యాపించుచున్నదను సిద్ధాంతము అప్పటికి క్రొత్తది కాదు. 1922లో ఫ్రీడ్‌మను, 1927లో లమేత్ర్ ఐన్‌స్టైను సమీకరణములనుండి దానిని సాధించిరి. 1929లో హబులు దూరపు నక్షత్రసముదాయములు దూరమునకు తగిన వేగముతో తొలగిపోవుచున్నట్లు చూపెను. 1931లో లమేత్ర్ విశ్వము ఆదియందు ఒక్క బీజరూపమున నుండెనని ప్రతిపాదించెను. 1948లో గామో, ఆల్ఫరు ఆ యాదికాలపు తాపమున మూలపదార్థములు పుట్టినవని ప్రకటించిరి. అదే సంవత్సరమున ఆల్ఫరు, హెర్మను ఆ తాపశేషము నేటికిని సుమారు ఐదు డిగ్రీల నిరపేక్ష ఉష్ణోగ్రతతో అంతటను వ్యాపించి యుండవలెననిరి. 1965లో పెంజియాసు, విల్సను అట్టి సూక్ష్మతరంగములను కనుగొన్నట్లు ప్రకటించిరి. వాని ఉష్ణోగ్రత 2.7 డిగ్రీలని పిమ్మట సూక్ష్మముగా తేలినది.

హీలియము పుట్టిన విధము సంక్షేపముగా నిట్లు చెప్పబడుచున్నది. విశ్వము పుట్టిన యొక సెకనునకు ఉష్ణోగ్రత సుమారు వేయికోట్ల డిగ్రీలు. ప్రోటానులు, న్యూట్రానులు అంతవఱకు ఒకటి మఱియొకటిగా మాఱుచుండి, చల్లబడుటచే ఆ మార్పు నిలిచిపోయెను. న్యూట్రానులు కొన్ని క్షయింపగా, సుమారు మూడు నిమిషములకు ఉష్ణోగ్రత నూఱుకోట్ల డిగ్రీలకు తగ్గునప్పటికి ఏడు ప్రోటానుల కొక న్యూట్రాను మిగిలెను. అప్పుడు కేంద్రకములు విచ్ఛిన్నము కాక నిలువగలిగెను. పదునాఱు కణములను తీసికొన్నచో అందు రెండు న్యూట్రానులు, పదునాలుగు ప్రోటానులు. రెండు న్యూట్రానులు రెండు ప్రోటానులతో కలిసి ఒక హీలియపు కేంద్రకమగును. పదునాఱింట నాలుగు, అనగా భారమున నాలుగవవంతు. మిగిలిన పండ్రెండు ప్రోటానులు హైడ్రోజను. ఐదు, ఎనిమిది కణములుగల స్థిరకేంద్రకములు లేకపోవుటచే నిర్మాణము దాదాపుగా అచ్చటనే ఆగిపోయెను. లిథియము లేశమాత్రము పుట్టెను. తక్కిన పదార్థములు నక్షత్రములలో తరువాత తయారైనవి.

నక్షత్రములచే అంతగా మార్పుచెందని వాయుమేఘములయందు కొలువగా హీలియము నూటికి సుమారు ఇరువదినాలుగు, ఇరువదియైదు పాళ్ళుగా వచ్చుచున్నది. గణితమునకును కొలతకును ఈ సామ్యము కుదిరినది. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని నేటి నిర్ణయము. గుంటూరునందును మచిలీపట్టణమునందును 1868లో కానవచ్చిన పసుపుపచ్చని కాంతిని వెలువరించిన పరమాణువులలో నత్యధికభాగము ఆ మొదటి నిమిషములలో పుట్టినవే.

ఉపసంహారము

హీలియము గుంటూరులో కనుగొనబడినదను వాక్యమును ఇట్లు సవరింపవలసియున్నది. దాని రేఖ 1868 ఆగష్టు 18వ తేదీన గుంటూరు, మచిలీపట్టణము మొదలగు స్థలములయందు చూడబడినది. అది సోడియముకంటె భిన్నమని ఇంగ్లండునందు నిర్ణయింపబడినది. భూమిపై 1895లో లండనునందు పట్టువడినది. గుంటూరునకు న్యాయముగా చెందు కీర్తి వేఱు: గ్రహణము లేకయే సూర్యజ్వాలలను చూచు పద్ధతి అచ్చట పుట్టినది. మచిలీపట్టణమునకు చెందు కీర్తి ఇంతవఱకు దానికి సంపూర్ణముగా దక్కలేదు. ఈ సవరణచే ఆంధ్రదేశపు గౌరవము తగ్గదు. అసత్యముపై నిలిచిన గౌరవముకంటె సత్యముపై నిలిచిన గౌరవము చిరస్థాయి.

విశ్వోత్పత్తి విషయమునను ఇట్టి మితభాషిత్వమే యుచితము. హీలియము మొదటి నిమిషములకు సాక్షి. మొదటి క్షణమునకు సాక్షి కాదు. దానికి పూర్వస్థితిని గూర్చి సిద్ధాంతములు కలవు, కొలతలు లేవు. లిథియము విషయమున గణితమునకును పరిశీలనకును మూడురెట్ల భేదము నేటికిని తీఱలేదు. పైగా హైడ్రోజను, హీలియము మొదలగు తెలిసిన ద్రవ్యమంతయు కలిపినను విశ్వమునందలి మొత్తమున నూటికి ఐదుపాళ్ళు మాత్రమే. శేషమునకు కృష్ణద్రవ్యము, కృష్ణశక్తి యని పేర్లు మాత్రము పెట్టబడినవి. 1835లో ఎన్నటికిని తెలియదన్న విషయము ముప్పదిమూడు సంవత్సరములలో గ్రహణపు టంచున నొక రేఖగా కానవచ్చెను. ఆ రేఖను చూచినవారు దాని నిజస్వరూపము నెఱుగరు. నేటి పరిశోధకుల కన్నులయెదుటను అట్టి రేఖ యేదియో సోడియమను పేరుతోనో నత్రజని యను పేరుతోనో పడియుండవచ్చును. దానిని తిరిగి కొలిచి చూచువాడే చరిత్రమునకు కావలసినవాడు.